నాన్నకి స్టెంట్ వేశారు, ఇంటికి అడవి పండ్ల సారం సీసా వచ్చింది. ఏం చెయ్యమంటారు?

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతూ ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకి 64 ఏళ్ళు. మొన్న వేసవిలో గుండెపోటు వచ్చి ఒక స్టెంట్ వేశారు. షుగరు పదేళ్ళుగా ఉంది. ఇప్పుడు రోజుకి ఏడు మాత్రలు: రక్తం గడ్డకట్టకుండా రెండు, కొలెస్ట్రాల్‌కి ఒకటి, బీపీకి రెండు, షుగరుకి రెండు. ఆ డబ్బా చూస్తేనే ఆయనకి విసుగు.

మొన్న కార్తీక వనభోజనాలకి వచ్చిన బాబాయి వరస ఆయన ఒకరు లీటరు సీసా తెచ్చి చేతిలో పెట్టారు. అడవి ఉసిరి, నేరేడు, కరక్కాయ కలిపిన సారమట. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వుని కరిగిస్తుందట, మూడు నెలలు తాగితే మాత్రలతో పనుండదట. పరగడుపున మూడు మూతలు. సీసా మీద పండ్ల బొమ్మలు అందంగా ఉన్నాయి. ఏది ఎంత కలిపారో లేదు. తయారీ తేదీ సగం చెరిగిపోయింది.

నాన్న నాలుగు రోజులుగా తాగుతున్నారు. ఇవాళ డబ్బా సర్దుతుంటే కొలెస్ట్రాల్ మాత్రలు రెండు మిగిలి కనిపించాయి. అడిగితే, "ఇది తాగుతున్నాను కదమ్మా" అన్నారు. గుండె గుభేలుమంది. ఈ పండ్లు రక్తనాళాలకి నిజంగా పనిచేస్తాయా? పనిచేస్తే ఎంతవరకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

మందుల చీటీ | ఆదివారం, రాత్రి 9:58

అమ్మా, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఇవాళ రాత్రి వేసుకోవలసిన మాత్రలు వేసుకున్నారో లేదో చూడండి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆ రెండూ. స్టెంట్ అంటే నాళం లోపల పెట్టిన లోహపు జాలీ. దాని మీద మన సొంత పొర కమ్ముకునేదాకా రక్తకణాలు దాన్ని పరాయి వస్తువుగానే చూస్తాయి, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ మాత్రలు ఆపమని చెప్పవలసింది గుండె డాక్టరు ఒక్కరే. కొలెస్ట్రాల్ మాత్ర కూడా అంతే. అది రిపోర్టులో అంకె తగ్గించడానికే కాదు, నాళం గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ పగలకుండా కాపు కాస్తుంది.

రెండోది, ఆ సీసా రేపటినుంచి ఆపండి. పారెయ్యకండి, డాక్టరుకి చూపించాలి.

నేను క్లినికల్ ఫార్మసీ చదివి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఉసిరి మీద మంచి పరిశోధన ఉంది, అదీ మన హైదరాబాదులోనే జరిగింది. రేపు డ్యూటీ దిగాక వివరంగా రాస్తాను.

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 10:15

వేసుకున్నారండీ. నేనే దగ్గరుండి వేయించాను. సీసా అలమరలో పెట్టి తాళం వేశాను.

చెట్టూ పుట్టా మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అసలు పండుకీ రక్తనాళానికీ సంబంధం ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, మీ నాన్నగారికి చదివి వినిపించండి.

ఈ సంబంధం మొదట ఓడల మీద తెలిసింది. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి చిగుళ్ళు ఉబ్బి రక్తం కారేది, పాత గాయాలు తిరిగి తెరుచుకునేవి, తొడల మీద నల్లటి మచ్చలు తేలేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు జబ్బుపడిన 12 మందిని రెండేసి మంది చొప్పున విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో రకం మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట త్వరగా లేచి తిరిగారు. కారణం చాలా కాలం తర్వాత తెలిసింది. నాళాల గోడని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ తయారు కావాలంటే విటమిన్ సి ఉండాలి. అది లేకపోతే సన్న నాళాలు చిట్లిపోతాయి.

రెండో కథ నాకు ఇంకా ఇష్టం. రక్తనాళం లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. చాలాకాలం దాన్ని ఏదో గోడకి వేసిన సున్నంలాగే చూశారు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు నాళం ముక్కల మీద పనిచేస్తూ ఒక సంగతి బయటపెట్టాడు. నాళాన్ని వదులు చేయవలసిన మందు కొన్ని ముక్కల మీద పనిచేస్తోంది, కొన్నిటి మీద చెయ్యడం లేదు. చూస్తే, పనిచెయ్యని ముక్కల్లో కోసేటప్పుడు రాపిడికి ఆ లోపలి పొర ఊడిపోయింది! అంటే ఆ పొరే ఏదో పంపుతోంది, దానివల్లే నాళం వదులవుతోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు.

షుగరు, పొగ, బీపీ, చెడు కొలెస్ట్రాల్, ఇవన్నీ ముందు దెబ్బకొట్టేది ఆ పొరనే. అక్కడ ఆక్సీకరణ పెరిగి, పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ పుట్టినట్టే ఖర్చయిపోతుంది. నాళం బిగుసుకుంటుంది. పండ్లలోని వగరు పదార్థాలు, ఊదా రంగు పదార్థాలు ఆ వాయువుని కాపాడతాయనీ, మరికొంత పుట్టేలా చేస్తాయనీ ప్రయోగాల్లో కనిపించింది. అడవి పండు మీద అందరికీ అంత ఆసక్తి అందుకే. తోటలో నీళ్ళు పోసి, తీపి కోసం ఎంచి పెంచిన పండులో వగరు తగ్గిపోతుంది. అడవిలో చెట్టు తనని తాను కాపాడుకోవాలి. ఆ వగరూ పులుపూ దానికి కవచం.

నల్లమల బిడ్డ | సోమవారం, ఉదయం 8:05

మాస్టారు, నమస్తే. మంచిగ చెప్పిన్రు. మాది నల్లమల అంచుకు ఊరు. మా దగ్గర అడవి ఉసిరికాయ గోలీ కంటె కొద్దిగ పెద్దగుంటది, గంతే. బజార్ల దొరికే పెద్ద కాయ దీని ముందల సప్పగుంటది. కొరికితె చెవుల దాక వగరు గుంజుతది, తర్వాత నీళ్ళు తాగితె తియ్యగ అనిపిస్తది.

మాకు ఏడాదంత ఏదో ఒక పండు ఉంటది. ఎండకాలం మొర్రి పండ్లు, తునికి పండ్లు. వానలు పడంగనె నేరేడు. దానితోని ఈత పండ్లు. చలికాలం ఉసిరి, పరికి పండ్లు, రేగు పండ్లు. మా అవ్వ రక్తనాళాలు అని ఎన్నడు అనలే. "ఏ కాలం పండు ఆ కాలంల తిను" అనేది, గంతే.

ఒక మాట మాత్రం చెప్పాలె. ఈ సీసాల గిరాకి పెరిగినకాడికెల్లి అడవిల ఉసిరి కోత తీరు మారింది. ఎన్కట చెంచోళ్ళు చెట్టెక్కి కొమ్మ ఊపి కాయ రాలగొట్టెటోళ్ళు. కొంత చెట్టుకే ఇడిచిపెట్టెటోళ్ళు, జింకలు తింటయని. ఇప్పుడు తొందర మీద కొందరు కొమ్మకు కొమ్మే నరుకుతున్నరు. నరికిన కొమ్మ మళ్ళ కాయాల్నంటె ఏండ్లు పడతది. మా ఊరి ఎనక గుట్టకు నా చిన్నప్పుడు పదకొండు ఉసిరి చెట్లు ఉండె. మొన్న లెక్కపెడితె నాలుగు.

పల్నాడు కోడలు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నాదొక చిన్న సందేహం. మా అత్తగారికి బీపీ ఉంది. ఉసిరి మంచిదని ఏడాది పొడుగునా నల్ల ఉసిరికాయ పచ్చడి మొదటి ముద్దలో పెట్టుకుంటారు. అది నాళాలకి మంచిదేనా? పాతబడి నల్లగా అయితే మందుతో సమానం అంటారు కదా.

మందుల చీటీ | సోమవారం, రాత్రి 8:45

పల్నాడు కోడలు గారూ, ముందు మీకు చెబుతాను. పచ్చడి రుచికి వంక పెట్టను, మా ఇంట్లోనూ జాడీ ఉంది. కానీ అందులో ఉసిరితో పాటు ఉప్పు కూడా దండిగా పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూను. బీపీ ఉన్నవాళ్ళు రోజూ పచ్చడి ముద్ద తింటే ఉసిరి చేసే మేలుని ఉప్పు తినేస్తుంది. తేనెలోనో పాకంలోనో నానేసిన ఉసిరికి షుగరు వాళ్ళ విషయంలో ఇదే మాట. వాళ్ళకి పచ్చి కాయ తురిమి పప్పులో వెయ్యండి, లేదా పులిహోర కలపండి. చింతపండు బదులు ఉసిరి తురుముతో కలిపితే ఎంత బాగుంటుందో.

ఇక గోదారి గట్టు గారి ప్రశ్న.

హైదరాబాదు నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీ విభాగం వాళ్ళు ఉసిరికాయ సారం మీద చేసిన పరీక్ష 2013లో అచ్చయింది. టైప్ 2 షుగరు ఉన్న 80 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఉసిరి సారం 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఇంకో గుంపుకి 500 చొప్పున రెండుసార్లు, మూడో గుంపుకి అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు 10 మిల్లీగ్రాములు, నాలుగో గుంపుకి మందేమీ లేని ఉత్త మాత్ర. 12 వారాలు. ఎవరు ఏది తింటున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

నాళం లోపలి పొర ఎలా ఉందో చూడడానికి వాళ్ళు పట్టుకున్న పద్ధతి చక్కనిది. వేలికి క్లిప్పు పెట్టి నాడి అల ఆకారం గీయిస్తారు. తర్వాత ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ పీల్పిస్తారు. లోపలి పొర ఆరోగ్యంగా ఉంటే నాళాలు వదులై ఆ అల ఆకారం మారుతుంది. పొర దెబ్బతిని ఉంటే పెద్దగా మారదు. ఉసిరి సారం తీసుకున్న రెండు గుంపుల్లోనూ అది మెరుగైంది, ఎక్కువ మోతాదు వాళ్ళలో ఎక్కువగా. కొలెస్ట్రాల్ అంకెలు కూడా మెరుగయ్యాయి. ఉత్త మాత్ర వాళ్ళలో మార్పు లేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు: అవును, పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం ఉంది. అయితే మూడు విషయాలు మనసులో పెట్టుకోండి. అది 80 మందితో, మూడు నెలలు చేసిన పరీక్ష. గుండెపోట్లు తగ్గాయా, మనుషులు ఎక్కువకాలం బతికారా అని చూడలేదు. వాడినది ఒకే తీరుగా తయారుచేసి, మిల్లీగ్రాముల్లో తూచిన సారం, మూడు మూతల లెక్క కాదు. మీ ఇంట్లో సీసాకీ దానికీ ఉసిరి అన్న పేరు తప్ప పోలిక లేదు.

నాలుగోది మీ నాన్నగారి విషయంలో ముఖ్యం. ఉసిరి సారం రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) ఒకదానికొకటి అంటుకోవడాన్ని కూడా తగ్గిస్తుందని అదే విభాగం వాళ్ళు చూశారు. ఆయన ఇప్పటికే దానికోసం రెండు మాత్రలు వేసుకుంటున్నారు. అదే పనిచేసే మూడోది డాక్టరుకి తెలియకుండా కడుపులోకి వెళ్ళకూడదు. పనిచేస్తుంది అని మనం నమ్మితే, పనిచేసే వస్తువుకి ఇవ్వవలసిన జాగ్రత్త దానికీ ఇవ్వాలి. "పండే కదా, ఏమవుతుంది" అనీ "మందుని మించింది" అనీ ఒకే నోటితో అనలేం.

కడప కలివి | సోమవారం, రాత్రి 9:30

ఇది చదివి రాయకుండా ఉండలేకపోయినా. మా మేనమామకి బీపీ చానా ఎక్కువ. నాలుగేండ్ల కిందట ఎవరో వచ్చి, కొండ పండ్ల రసమని, నాళాలు శుభ్రం చేస్తుందని చెప్పి ఆరు సీసాలు అమ్మినారు. మామ బీపీ మాత్ర నిలిపేసినాడు. ఎవరికీ చెప్పలేదు. రెండో నెలలో ఒకరోజు పొద్దున చెంబు పట్టుకోబోతే చెయ్యి లేయలేదు. మూతి వంకర పోయింది. ఆసుపత్రిలో పైన బీపీ 220 చూపించింది. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది. ఆ రసంలో విషమేం లేదేమో. మాత్ర నిలిపేసిందే కొంప ముంచింది.

అక్కా, నాయన ఎందుకు మాత్రలంటే విసుక్కుంటున్నాడో కూచోబెట్టి అడుగు. మా మామని ఎవరూ అడగలేదు. ఆ మాత్ర వేసుకుంటే కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావంట. ఆ సంగతి పడకేసినాక చెప్పినాడు. ముందే డాక్టరుకి చెప్పింటే మాత్ర మార్చి ఉంటారు.

ఉత్తరాన ఉన్నవాడు | సోమవారం, రాత్రి 11:50

ఫిన్లాండులో ఉంటున్నాను, సొంతూరు తెనాలి. ఇక్కడ అడవి పండు తినడం ఇంటింటి అలవాటు. అడవిలో పండ్లు ఎవరైనా కోసుకోవచ్చు, స్థలం ఎవరిదైనా సరే, అది అందరి హక్కు. జులై చివర్లో, ఆగస్టులో పైన్ చెట్ల కింద మోకాలెత్తు కూడా లేని పొదలకి ముస్తిక్కా అనే నల్లని పండు కాస్తుంది. ఇంగ్లీషువాళ్ళు బిల్‌బెర్రీ అంటారు. దువ్వెన పళ్ళలాంటి అంచున్న చిన్న డబ్బాతో పొదని దువ్వినట్టు లాగితే పండ్లు డబ్బాలో పడతాయి. మొదటిసారి మా పాప తిని నాలుక చూపించింది, అచ్చం మన నేరేడు తిన్న నాలుకే.

దుకాణంలో అమ్మే పెద్ద బ్లూబెర్రీ కోసి చూడండి, లోపల తెల్లగా ఉంటుంది. అడవి ముస్తిక్కా లోపలిదాకా ఊదానే. ఆ ఊదా రంగునే ఆంథోసయనిన్లు అంటారు. మన నేరేడులోనూ అవే, ఎక్కువ భాగం తోలులో ఉంటాయి.

బ్లూబెర్రీ మీద ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్ళ పరీక్ష ఒకటి 2019లో వచ్చింది. బరువు ఎక్కువై, బీపీ, షుగరు అంచున ఉన్న 115 మంది ఆరు నెలలు తిన్నారు. రోజుకి ఒక కప్పు పండ్లకి సమానమైన పొడి తిన్నవాళ్ళలో నాళాల పనితీరు మెరుగైంది. అరకప్పు వాళ్ళలో ఆ ఫలితం రాలేదు. బీపీ మాత్రం ఎవరికీ మారలేదు. బీపీ మాత్ర పండుతో పోదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

స్కాన్ గది | మంగళవారం, ఉదయం 7:15

నాళాల పనితీరు అనే మాట పైన చాలాసార్లు వచ్చింది. నేను ఎకో టెక్నీషియన్ని, ఒక పరిశోధన కోసం ఈ పరీక్ష చేతులతో చేశాను, చూసింది చెబుతాను.

మనిషిని పరగడుపున పడుకోబెట్టి, మోచేతికి పైన ఉండే నాళాన్ని అల్ట్రాసౌండులో పట్టుకుంటాం. అది మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ముంజేతికి బీపీ పట్టీ కట్టి ఐదు నిమిషాలు గట్టిగా బిగిస్తాం. చెయ్యి తిమ్మిరెక్కి తెల్లబడుతుంది. పట్టీ వదలగానే రక్తం ఒక్కసారి దూకుతుంది. ఆ దూకుడుకి లోపలి పొర స్పందించి వాయువు వదలాలి, నాళం విచ్చుకోవాలి. ఒక నిమిషంలోపు తెరమీద చూస్తూ ఉంటాం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడిలో ఆ గీతలు కళ్ళ ముందే దూరం జరుగుతాయి. ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చిన ఒకాయనకి చేస్తే గీత కదల్లేదు. మిషను తప్పేమోనని మళ్ళీ చేశాను. అదే. విచ్చుకునేది అంతా కలిపి మిల్లీమీటరులో పదోవంతుల్లో ఉంటుంది. చెయ్యి వణికితే లెక్క తప్పుతుంది. అందుకే చిన్న పరీక్షలో వచ్చిన ఫలితం చూసి పండగ చేసుకోవద్దు.

కొచ్చి నుంచి సిస్టరు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మాది శ్రీకాకుళం, నర్సుగా పన్నెండేళ్ళుగా కేరళలో ఉన్నాను. పండ్ల రసమే కదా అనుకునేవాళ్ళు ఇది తప్పక చదవండి.

ఇక్కడ ఇరుంబన్ పులి అని పుల్లటి కాయ ఒకటి పెరట్లో కాస్తుంది, బిలింబి అంటారు. చేపల పులుసులో రెండు కాయలు వేస్తారు, ఏ ఇబ్బందీ లేదు. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని పేరుపడి కొందరు దాని రసం పిండి గ్లాసులకి గ్లాసులు తాగారు. కేరళలో ఐదు ఆసుపత్రుల్లో అలా తాగి కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న పదిమంది గురించి డాక్టర్లు 2013లో రాశారు. ఏడుగురికి డయాలసిస్ చెయ్యవలసి వచ్చింది. కారణం ఆ కాయలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం. రసంలో ఉన్నదంతా ఒకేసారి వెళ్ళి కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలై కూర్చుంది.

పులుసులో రెండు కాయలు తిన్న మనిషికి ఏం కాలేదు. రసంగా మారితే అదే కాయ ఇరవై కాయలవుతుంది. మీ నాన్నగారికి పదేళ్ళ షుగరు అన్నారు, కిడ్నీ పరీక్ష ఒకసారి చేయించండి అమ్మా. క్రియాటినిన్ చాలు, పెద్ద ఖర్చు కాదు.

రైను ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 6:10

జర్మనీలో గుండెకోసం వైస్‌డోర్న్ అనే ముళ్ళపొద సారం మందుల షాపులో అమ్ముతారు. ఇంగ్లీషులో హాథార్న్. ఎర్రటి చిన్న పండ్లు కాస్తుంది, కంచెలకి వేస్తారు. మా పక్కింటి పెద్దావిడ చుక్కలు వేసుకుంటుంది. దాని ఆకులూ పూలూ కలిపిన సారాన్ని గుండె బలహీనపడిన 2,681 మందికి రెండేళ్ళు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి 2008లో వచ్చింది. హాని చెయ్యలేదు. కానీ చావులు, గుండెపోట్లు, ఆసుపత్రి చేరికలు కలిపి చూస్తే ఉత్త మాత్రకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న పరీక్షల్లో మెరిసింది పెద్ద పరీక్షలో నిలబడకపోవచ్చు. ఉసిరికి ఇంత పెద్ద పరీక్ష మన దేశంలోనే జరగాలని నా కోరిక. చెట్టు మనది, రోగులూ మనవాళ్ళే.

చెట్టూ పుట్టా మాస్టారు | మంగళవారం, రాత్రి 7:30

రైను ఒడ్డు గారి మాటకి జోడింపు. నేరేడు సంగతీ అంతే. గింజల పొడి షుగరు తగ్గిస్తుందని ఎలుకల్లో ఎన్నోసార్లు కనిపించింది. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీ మనుషులకి ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో దాచిపెట్టి చూస్తే షుగరు తగ్గలేదు. ఆకు వేరు, గింజ వేరు అనుకోండి. అయినా ఎలుకలో వచ్చిన ఫలితాన్ని నేరుగా నాన్న గ్లాసులో పొయ్యకూడదు.

విటమిన్ అంకెల దగ్గర కూడా జాగ్రత్త. వంద గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని మేం పాఠం చెప్పాం, పాత పట్టికల్లో అలాగే ఉండేది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో కొత్తగా కొలిచి వేసిన పట్టికలో అది సుమారు 250. అయినా గొప్పే, పెద్ద కాయ రెండు తింటే రోజుకి కావలసినంత దాటిపోతుంది. జామకాయ కూడా దాదాపు అంత దగ్గరికి వస్తుంది. ఉసిరి దొరకని నెలల్లో జామకాయ తినండి.

నల్ల పచ్చడి గురించి అడిగారు కదా. ఉసిరిలోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, ఇనుము తగిలితే సిరాలా నల్లబడతాయి. ఇనుప కత్తిపీటతో ఉసిరి కోసి చూడండి, కాసేపటికే అంచు నల్లగా మారుతుంది. నలుపు చూసి మందు అనుకోవద్దు.

గోదారి గట్టు | గురువారం, రాత్రి 8:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాం.

సీసా చూపించాను. ఏముందో రాయని దాన్ని ఎవరు ఇచ్చినా తాగవద్దని గట్టిగా చెప్పారు. క్రియాటినిన్ చేయించారు, మామూలుగానే ఉంది. మానేసిన రెండు రోజుల కొలెస్ట్రాల్ మాత్రల గురించి కంగారు పడవద్దు, ఇకమీద మానవద్దు అన్నారు. ఉసిరికాయ కాయగా రోజుకి ఒకటి తినచ్చన్నారు. క్యాప్సూలు వేసుకోవాలనిపిస్తే ముందు చీటీలో రాయించుకుని వెళ్ళమన్నారు.

కడప కలివి తమ్ముడూ, నువ్వు అడగమన్నది అడిగాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, ఏడు మాత్రలు వేసుకునేసరికి తనని తాను ముసలివాడినని ఒప్పుకున్నట్టు అవుతోందట. పైగా రాత్రి బీపీ మాత్ర వేసుకుంటే తెల్లవారుజామున లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయట. మాకెవరికీ చెప్పలేదు. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, రెండు బీపీ మందులూ కలిసిన ఒకే మాత్ర, తక్కువ మోతాదులో, పొద్దునపూటకి మార్చారు. ఏడు కాస్తా ఆరయ్యాయి. నాన్న ముఖంలో ఎంత తేడానో.

బాబాయికి ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పాను. ఆయనా షుగరు మాత్ర మానేసి అదే సీసా తాగుతున్నారట. రేపు ఆయన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం.

ఇప్పుడు నాన్న నా పక్కనే కూర్చుని ఇవన్నీ చదివించుకుంటున్నారు. నల్లమల బిడ్డ గారిని ఒకటి అడగమంటున్నారు. చిన్నప్పుడు రంపచోడవరం వైపు మేనత్త ఊరికి వెళ్తే, ఎండాకాలంలో పెద్ద చెట్టు కింద పసుపుపచ్చటి చిన్న పండ్లు ఏరుకుని తినేవారట. వేపపండు అంత ఉండేవట, కానీ చాలా తియ్యన. తింటే పెదాలు రెండూ అతుక్కుపోయేవట. పేరు మర్చిపోయారు.

నల్లమల బిడ్డ | గురువారం, రాత్రి 8:55

పెద్దనాయనా, అవి పాలపండ్లు. పెదాలకు అంటేది దాని పాలే. కొద్దిగ నూనె రాస్తె పోతది. మా గుట్ట కింద రెండు చెట్లు ఉన్నయ్, మే నెలల పండుతయ్. చెట్టు కింద మస్తు రాలుతయ్. మీరు గప్పటికి మంచిగ నడుస్తరు, అక్కను తోలుకొని రాండ్రి. చెట్టు కిందనె కూసొని తిందురు.